మేడ మీద లేజర్ పెట్టె

ఆ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మా గోడ పక్కన ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ. అశోక్‌నగర్‌లో మా సందులో ఎక్కడ గది ఖాళీ అయినా, ఎవరింటికి చుట్టాలొచ్చినా ముందు ఆమెకే తెలుస్తుంది. చలికాలం మొదట్లో ఒకరోజు పొద్దున పదింటికి తనే గేటు తీసుకుని లోపలికి వచ్చి, వెనక ఒక అమ్మాయిని నిలబెట్టి చెప్పింది.

"అమ్మా, ఈ పిల్లకు రూమొద్దంట. మేడ గావాల్నంట."

మా సందులో కిరాయికి గది అడిగేవాళ్లకు కొదవ లేదు. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పుస్తకాల సంచులు మోసుకుంటూ రోజంతా గేట్లు తడుతూనే ఉంటారు. మేడ అడిగిన మనిషిని మాత్రం నేను అప్పుడే చూశాను. పాతికేళ్లు దాటి ఉంటాయి. కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, చేతిలో నీళ్ల సీసా పట్టుకుని నిలబడింది. ఎండకు మొహం కందిపోయింది.

"మేడ ఎందుకమ్మా?" అన్నాను.

"గాలి కొలుస్తదంట," ఇస్త్రీ ఆవిడే జవాబిచ్చింది.

"గాలిని కొలవడమేంటి?"

"నాకేమెర్క. కిలోలల్ల గొలుస్తదో, మీటర్లల్ల గొలుస్తదో. పొద్దుగాల్నుంచి తిరుగుతుంది పాపం. జర చాయ్ వొయ్యిండ్రి ముందుగాల."

చాయ్ తాగాక ఆ అమ్మాయి తన సంగతి చెప్పింది. వాళ్లది నల్గొండ వైపు. ఈ ఊరి చివర ఒక పరిశోధనశాలలో చదువుతోంది. నాలుగేళ్లు కూర్చుని ఒక యంత్రం తయారుచేసింది. ప్రయోగశాలలో అది బాగానే పనిచేస్తోందట. కానీ నాలుగు గోడల మధ్య పనిచేస్తే సరిపోదు, బస్సులూ ఆటోలూ మనుషులూ ఉన్న చోట దాన్ని నిలబెట్టి చూపించాలి. అందుకు మూడు వారాలు గడువిచ్చారు. ఆ మూడు వారాల్లో యంత్రం చూపించే ప్రతి అంకెకూ ఆమె కారణం చెప్పగలగాలి. చెప్పగలిగితే యంత్రం నమ్మకమైనదని ఒప్పుకుని దేశంలో వేరే ఊళ్లకు కూడా పంపుతారు. చెప్పలేకపోతే అది తిరిగి మూలకు చేరుతుంది, ఈమె నాలుగేళ్ల చదువూ దానితోపాటే.

"నాలుగిండ్లు అడిగిన ఆంటీ. లేజర్ అనంగనే వద్దంటున్నరు. ఒకాయన అయితే, పేలితే ఎవరు జవాబుదారీ అన్నడు."

మావారు పేపరు పక్కన పెట్టారు. "లేజరంటే నా కంటికి వాడిందేగా. నేను పేల్లేదు. మేడ మీద గది ఖాళీగానే ఉంది, తెచ్చుకో అమ్మా," అన్నారు. మావారు రిటైరైన దగ్గర్నుంచి ఏ నిర్ణయమైనా ఇలా ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. పాత ట్రంకుపెట్టెలూ ఊరగాయ జాడీలూ కిందికి దించే పని మాత్రం నాకు మిగిల్చారు.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. చిన్నప్పుడు ఆయాసం జబ్బు ఉండేది. దుమ్ములో నడిస్తే ఊపిరి అందేది కాదు. అందుకని మా నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చాక నాకు ఇంట్లోనే చదువు చెప్పారు. ఆయనది కృష్ణా జిల్లా. యాభైల్లో కొత్త రాష్ట్రం ఏర్పడ్డాక గుమాస్తా ఉద్యోగంతో ఈ ఊరొచ్చి నారాయణగూడలో కాపురం పెట్టారు. ఒకరోజు గ్లాసు బోర్లించి బకెట్ నీళ్లలో ముంచమన్నారు. లోపల గ్లాసు అడుగున అంటించిన కాగితం తడవలేదు. "చూశావా, ఖాళీ గ్లాసని అనుకున్నావు. లోపల గాలి కూర్చుని ఉంది," అన్నారు. గాలి గురించి నా చదువు అంతే. దాని తరవాతి పాఠం చెప్పడానికి భగవంతుడు ఈ అమ్మాయిని మా మేడ మీదికే పంపాడని ఇప్పటికీ అనుకుంటాను.

యంత్రం ముక్కలు ముక్కలుగా వచ్చింది. మా మెట్లు ఇరుకు. నలుగురు మనుషులు పట్టుకుని, తిప్పుకుని, గోడకు గీకి, పైకి చేర్చారు. రెండు రోజులు ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని దాన్ని మళ్లీ కలిపింది. మనిషి పొడవున ఒక లోహపు గొట్టం, రెండు చివరలా గాజు కిటికీలు, దారిపొడవునా చిన్న చిన్న అద్దాలు, ప్రతి అద్దం వెనకా సన్నని మరలు. మరను వెంట్రుకవాసి తిప్పి, కంప్యూటర్ వంక చూసి, మళ్లీ వెంట్రుకవాసి వెనక్కి తిప్పేది. నేను బియ్యం ఏరేటప్పుడు కూడా అంత ఓపిక పట్టలేదు. గాలిని లాగే పంపు ఒకటి మూలన గ్రైండరులా రొద పెట్టేది. కిటికీలోంచి ఒక తెల్లని గొట్టం బయటికి వచ్చి పిట్టగోడ దాకా సాగింది. వాన పడకుండా దాని మూతికి గిన్నె బోర్లించారు. అది మా సందు గాలిని పీలుస్తుంది.

"ఇంతకీ ఏం కొలుస్తుందమ్మా ఇది?" అని అడిగాను మూడో రోజు, ఉప్మా ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడి. లేజర్ నడుస్తున్నప్పుడు గుమ్మం దాటి రావద్దని గీత గీసింది.

ఆమె చేతులు తుడుచుకుని గుమ్మంలోనే నా పక్కన కూర్చుంది.

"గాలిని కడిగేది ఒకటి ఉంటది ఆంటీ. ఎండ, ఓజోను, గాలిలో తేమ, ఇవి కలిస్తే పుడ్తది. హైడ్రాక్సిల్ రాడికల్ అంటరు. నీళ్లలోంచి ఒక హైడ్రోజన్ ఊడిపోంగ మిగిలిన ముక్క."

"సగం నీళ్లన్నమాట."

"అట్లనే అనుకోండి. సగమే గనక ఊకుండదు. పొగ గానీ, పెట్రోలు ఆవిరి గానీ, ఎదురుపడ్డదాన్నల్ల పట్టుకుంటది. పట్టుకొని మారుస్తది. అది లేకపోతే మనం వదిలిన పొగంత ఎక్కడిదక్కడ్నే ఉండిపోతుండె. కానీ దాని బతుకు రెప్పపాటు గూడ ఉండదు."

"మరి అంత చిన్న బతుకును ఎలా కొలుస్తావు?"

అప్పుడు చెప్పింది. మొదటి లేజర్ ఒక్క మెరుపు మెరిస్తే గొట్టంలోని గాలిలో ఆ రాడికల్స్ ఒక్కసారిగా పుడతాయి. రెండో లేజర్ వాటిని పలకరిస్తుంది. బతికి ఉన్నవి మినుకుమంటాయి. ఆ మినుకులను ఒక కన్ను లెక్కపెడుతుంది. క్షణంలో వెయ్యోవంతు గడిచాక ఎన్ని మిగిలాయి, ఇంకో వంతు గడిచాక ఎన్ని, అలా.

"ఇప్పుడు మీరు సుల్తాన్ బజార్ల పండుగ ముందురోజు నడుస్తున్నరనుకోండి. ఎదురొచ్చిన ప్రతి మనిషితోని నిలబడి మాట్లాడాలె, అదీ షరతు. నాలుగడుగులు గూడ పోలేరు. అదే పొద్దున్నే మన సందుల అయితే చివర దాంక పోతరు. మీరు ఎంత జల్ది ఆగిపోయిన్రో చూస్తే, బజార్ల ఎంతమంది ఉన్నరో నాకు తెలుస్తది. ఆ మనుషులెవరో నాకు తెల్వకపోయినా సరే."

ఆ చివరి మాట దగ్గర నా చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది. పేర్లు తెలియకపోయినా, ఉన్నారని తెలుస్తుంది. ఎవరినీ వదలకుండా అందరినీ కలిపి లెక్కలోకి తీసుకునే యంత్రం.

లేజర్ కంటికి కనపడదు. నాకు చూపించాలని ఆమె ఒకరోజు నల్లద్దాల కళ్లజోడు పెట్టి, తెల్లని విజిటింగ్ కార్డు ఒకటి దారికి అడ్డం పెట్టింది. కార్డు మీద చిన్న నీలం చుక్క వెలిగింది. చేయి తీస్తే పోయింది, పెడితే వచ్చింది. హారతి పళ్లెం ముందు నిలబడినట్టు నిలబడ్డాను. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. ఆమె నవ్వలేదు. అది గుర్తుంది నాకు.

యంత్రం నడిచిన మొదటి రోజే ఆ అమ్మాయి మాకు కొన్ని నియమాలు పెట్టింది. మేడ మీద చెత్త కాల్చకూడదు, పెయింటు వేయకూడదు, దోమల చుట్ట వెలిగించకూడదు, సెంటు పూసుకుని రాకూడదు. నేను అన్నీ తు.చ. తప్పకుండా పాటించాను. ఆ రోజుల్లోనే శాలువలు పెట్టెలోంచి తీసి ఎండెయ్యాలి. వాటి మధ్య కలరా ఉండలు వేసి ఉంచుతాం కదా, ఆ వాసన గొట్టంలోకి పోతుందని శాలువలు కిందే ఆరేశాను. మావారు గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషను కూడా మానిపించాను. "గాలికి తెలియకుండా బతకాలన్నమాట," అని ఆయన సణిగారు.

ఇంత జాగ్రత్తపడ్డ నేను రోజూ తెల్లవారుజామున ఒక పని చేస్తున్నాను. దాన్ని పనిగా కూడా అనుకోలేదు.

మా ఇంట్లో పూజ అయ్యాక అగరుబత్తి దేవుడి దగ్గరే ఆగదు. పొయ్యికి చూపిస్తాం, కుట్టుమిషనుకు చూపిస్తాం, మావారి స్కూటరుకు చూపిస్తాం. మనకు అన్నం పెట్టేవి, మనల్ని మోసేవి. మా అమ్మ రోలుకు చూపించేది. చిక్కడపల్లిలో ఏ దుకాణం చూడండి, షట్టరు తీయగానే తక్కెడ చుట్టూ పొగ తిప్పకుండా మొదటి బేరం చేయరు. అలాంటిది, ఒక ఆడపిల్ల నాలుగేళ్ల కష్టం మా మేడ మీద పనిచేస్తుంటే దానికి చూపించకుండా ఎలా ఉంటాను? లోపలికి వెళ్లకూడదు కనుక, పిట్టగోడ మీద గొట్టం కింద ఇత్తడి స్టాండులో ఒక పుల్ల గుచ్చి, ఆ పిల్ల గట్టెక్కాలని దణ్ణం పెట్టుకుని దిగేదాన్ని. స్నానం, పూజ ముగించి మేడ ఎక్కేసరికి ఐదున్నర అయ్యేది. పుల్ల అయిపోయాక మళ్లీ ఎక్కి, బూడిద తుడిచి, స్టాండు తీసుకుని దిగేదాన్ని. ఆమెకు చెత్త మిగల్చకూడదని. ఆమె బస్సు దిగి వచ్చేసరికి ఏడు. అగరు వాసన మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదే.

పొగ వద్దంటే సరేనన్నాను. కానీ అది నా మనసులో పొగ కాదు.

మొదటి నాలుగు రోజులు యంత్రం ఆమెకు ఎంతో సంతోషమిచ్చింది. కంప్యూటర్ తెర మీద పొద్దున తొమ్మిదికి గీత లేచేది, మధ్యాహ్నం దిగేది, సాయంత్రం మళ్లీ లేచేది. "నారాయణగూడ ఫ్లైఓవర్ మీద జామ్ అయిందంటే గాలి ఇటు తిరిగినప్పుడు ఇక్కడ తెలిసిపోతది ఆంటీ," అని నాకు కంప్యూటర్ చూపించేది. నేను పొద్దున పాల ప్యాకెట్లు తెచ్చుకున్నట్టు రోజూ ఆ గీతను చూడడానికి ఎక్కేదాన్ని.

ఐదో రోజు ఆమె మొహం మారింది.

గాలిలో ఉన్నవన్నీ కలిపి మొత్తం ఎంతో యంత్రం చెబుతుంది. దానితోపాటు ఆమె, పెట్టిన వేళకు వాటంతట అవే తెరుచుకునే స్టీలు డబ్బాల్లో గాలి పట్టి పరిశోధనశాలకు పంపేది. అక్కడ అందులో ఏ ఏ వాయువులున్నాయో ఒక్కొక్కటీ విడదీసి చెబుతారు. వాటన్నిటినీ కూడితే యంత్రం చెప్పినదానికి దగ్గరగా రావాలి. మొదటి డబ్బాల లెక్క ఆ రోజే చేతికొచ్చింది. రోజంతా సరిపోతోంది. తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఒక అరగంట మాత్రం రావడం లేదు. గీత అక్కడ ఒంటె మూపులా లేచి దిగుతోంది. డబ్బాల జాబితాలో దానికి లెక్క లేదు.

"ఏదో ఉంది ఆంటీ. నా లిస్టుల లేనిది. లేకపోతే మిషన్ తప్పు. రెండిట్ల ఏదో ఒకటి."

పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి చూసింది. సరిగ్గా గొట్టం కింద, గోడవతల, ఇస్త్రీ బండి. ఆఫీసులకు వెళ్లేవాళ్ల బట్టలు ఎనిమిదింటికల్లా ఇవ్వాలని ఆవిడ చీకటితోనే వచ్చి బొగ్గులు రాజేస్తుంది. ఐదున్నరకు. ఆ అమ్మాయికి అనుమానం రావడంలో తప్పులేదు. బొగ్గుల పొగలోనూ డబ్బాలకు చిక్కనివి ఉంటాయట.

కిందికి దిగి, మొహమాటపడుతూనే అడిగింది. నేను గేటులో ఉన్నాను.

"అక్కా, ఏమనుకోకు. ఒక పది రోజులు బండి జర దూరం పెట్టుకుంటవా? నీ బొగ్గుల పొగ పైకి వస్తుందేమో అని నాకు డౌటు."

ఇస్త్రీ ఆవిడ చేతిలో పెట్టె ఆపింది. తల ఎత్తి మేడ వంక చూసింది. తరవాత నా వంక చూసింది. ఆ చూపు కొంచెం ఎక్కువసేపు ఉంది. నాకు ఏమీ తట్టలేదు.

"నా బొగ్గులు గింత బలమున్నయని నాకే తెల్వకపాయె," అంది. "సరే బిడ్డా. అవతలి సందుల బెట్టుకుంట. నీ మిషన్‌కు మంచి గావాలె."

ఆ సాయంత్రమే బండి తోసుకుని వెళ్లిపోయింది. ఇరవై ఏళ్లుగా మా గోడకు ఆనుకుని ఉన్న బండి. గోడ మీద దాని నల్లటి మచ్చ ఒకటి మిగిలింది.

మర్నాడు ఐదున్నరకు మూపు మళ్లీ లేచింది. ఆ మర్నాడు కూడా.

ఇక ఆమె యంత్రాన్నే అనుమానించింది. గాజు కిటికీలు విప్పి తుడిచింది. అద్దాలన్నీ మొదట్నుంచి సరిచేసింది. ఏ మలినమూ లేని శుద్ధమైన గాలిని సిలిండర్లోంచి పంపి చూసింది. యంత్రం బుద్ధిగా ఏమీ లేదని చెప్పింది. తెల్లవారితే మళ్లీ అదే మూపు. వాళ్ల సారు ఫోన్ చేశారు. శుక్రవారం నేనొస్తాను, అప్పటికి కారణం తేలకపోతే విప్పి తెచ్చేద్దాం, మిగిలిన రోజులు ఇంకొకరు వాడుకుంటారు అన్నారట. ఆ రోజు పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. "తినాలనిపిస్తలేదు ఆంటీ," అని గొట్టం పక్కన గోడకు తల ఆనించి కూర్చుంది.

నేనేం చేయగలను? నాకు తెలిసింది ఒకటే. బుధవారం తెల్లవారుజామున మేడ ఎక్కి, ఒక పుల్ల చాలదేమో అని రెండు వెలిగించాను. స్వామీ, ఈ పిల్లను ఆదుకో అని మామూలుకన్నా ఎక్కువసేపు నిలబడ్డాను.

ఏడున్నరకు ఆమె పైనుంచి పిలిచింది.

"ఇయ్యాల రెట్టింపు వచ్చింది ఆంటీ. సరిగ్గ రెట్టింపు."

నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. దాన్ని మెట్టు మీద పెట్టేశాను. రెట్టింపు. రెండు పుల్లలు. పుల్ల కాలే సేపు అరగంట. ఐదున్నర.

ఏమీ చెప్పకుండా కిందికి దిగిపోయాను. అంత పిరికితనం నాలో ఉందని నాకు ఆ రోజు దాకా తెలియదు. కాళ్లు వాటంతట అవే అవతలి సందుకు నడిచాయి. ఒక హాస్టలు ముందు, నీడ లేని చోట, ఆవిడ బండి పెట్టుకుని ఉంది. నన్ను చూసి పెట్టె దించింది.

"ఏందమ్మా, చీరలేమన్న తెచ్చిన్రా?"

"మేడ మీద యంత్రంలో తేడా నీ బొగ్గుల వల్ల కాదు," అన్నాను. "నా అగరుబత్తి వల్ల."

"ఎర్కనే," అంది.

ఆవిడ ఒక చొక్కా కాలరు మీద నీళ్లు చల్లి, అటూ ఇటూ రుద్ది, మడత పెట్టాక చెప్పింది.

"కిందికెల్లి అగుపడ్తది గదమ్మా, పిట్టగోడ మీద నిప్పు సుక్క. పొగ గా గొట్టంలకే పోతుండె. దినాం జూస్తున్న."

"మరి చెప్పలేదేం?"

"ఏమని జెప్త? దేవునికి వెట్టింది గుంజేయుమని జెప్తనా? అదీ మీకు? ఇరవై ఏండ్ల సంది మీ గోడ నీడల ఉన్న. బొగ్గుల పేరు పడ్డది, పడనీ అనుకున్న. బొగ్గులకేం, అవి ఎట్లనన్న నల్లటియే."

"నువ్వు నోరు మూసుకుంటే ఆ పిల్ల యంత్రం పోయేది కదే."

"గంత దూరం వోతదని నాకేమెర్క? పది దినాలైతే మిషన్ తీస్కపోతరనుకున్న. గయ్యన్నీ నాకు తెలుస్తయా?" అని, చేతిలో పెట్టె బొగ్గు ఊదుకుంటూ, "ఇప్పుడు మీకైతే తెలిసింది గద. పోయి జెప్పుండ్రి. నాకు తెలుసని మాత్రం జెప్పకుండ్రి. నా మీద కోపానికొస్తది," అంది.

చెప్పనని మాటిచ్చి, తిరిగి వచ్చి మేడ ఎక్కాను. ఆ అమ్మాయి అప్పటికే ఒక పెట్టె మూత విప్పి, సామాను సర్దుతోంది. గుమ్మంలో గీత దగ్గర నిలబడి, మొదటి రోజు నుంచి నేను చేసింది చెప్పాను. ఇత్తడి స్టాండు తెచ్చి చూపించాను. రెండు పుల్లల సంగతీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాల్సిందే.

ఆమె నన్ను చూసింది, స్టాండును చూసింది, కంప్యూటర్ను చూసింది.

"అగరుబత్తి," అంది.

"అవునమ్మా."

"ఒక్క పుల్ల."

"ఇవాళ రెండు."

ఆమె నేల మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్లబోయి గీత చూసి ఆగాను. ఏడవడం లేదు. నవ్వుతోంది. చాలాసేపు నవ్వింది, కళ్లు తుడుచుకుంది.

"మిషన్ అబద్ధం ఆడలేదు ఆంటీ. వారం నుంచి నేనే దాన్ని తిడుతున్న. అది నిజం చెప్తనే ఉంది. నేనే సరిగ్గ అడగలే. చెత్త కాల్చొద్దన్న, కాయిల్ పెట్టొద్దన్న. దేవునికేం పెడ్తరు అని అడగలే. మా ఇంట్ల మా అమ్మ గూడ దినాం పెడ్తది. నాకు రావాలె కదా ఆ సోయి."

తరవాత ఆమె చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఇంకొకరైతే ఆ ఉదయాలన్నీ చెరిపేసి, ఇక మీదట పెట్టకండి అని ఊరుకునేవారు. ఆమె నన్ను తన పనిలో కలుపుకుంది. గురువారం ఉదయం, గడియారం చూసి ఒకే పుల్ల, అదే చోట. పది గంటలకు ఒకటి, మేడ అవతలి కొసన. మధ్యాహ్నం రెండు, గొట్టం కింద. ప్రతిసారీ ఎప్పుడు వెలిగించానో, ఎప్పుడు ఆరిందో నా చేత్తోనే ఒక నోటుపుస్తకంలో రాయించింది. బడి మొహం చూడని నేను శాస్త్రవేత్త పుస్తకంలో రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆమె డబ్బాల్లో ఆ పొగ పట్టి పంపి, పువ్వుల నూనెల్లాంటివి, కర్పూరం జాతివి, తన జాబితాలో లేనివి ఏమున్నాయో కనుక్కోమంది. మావారు కుర్చీ వేసుకుని కూర్చుని, "నలభై ఏళ్లుగా నేను పీలుస్తున్నాను, నన్ను ఏ యంత్రమూ సంప్రదించలేదు," అన్నారు.

శుక్రవారం వాళ్ల సారు వచ్చారు. తక్కువ మాట్లాడే మనిషి. ఆమె జరిగిందంతా ఏదీ దాచకుండా చెప్పింది. పది ఉదయాలు తన తప్పు వల్ల పాడయ్యాయని కూడా చెప్పింది. ఆయన నన్ను చూసి, "ఒకటి వెలిగించండమ్మా," అన్నారు.

పిట్టగోడ మీద వెలిగించాను. అగ్గిపుల్ల రెండుసార్లు ఆరింది. గాలి మా వైపే ఉంది. నిమిషం గడవలేదు, తెర మీద గీత తల ఎత్తింది. ఆయన జేబులోంచి కలం తీసి మళ్లీ జేబులోనే పెట్టుకున్నారు.

"ఒక్క పుల్లను పట్టింది," అన్నారు ఆయన. "తెలిసినవాటిని కొలిచేవి మన దగ్గర చాలా ఉన్నాయి. తెలియనిది ఉందని చెప్పేది కదా కావాల్సింది. ఇంకో రెండు వారాలు ఉంచు."

ఆ అమ్మాయి ఆ రోజు నా వంటింట్లో మూడుసార్లు అన్నం పెట్టించుకుంది.

సాయంత్రం ఆమె అవతలి సందుకు వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను.

"అక్కా, నింద నీ బొగ్గుల మీద పెట్టిన. నాదే తప్పు. మళ్ల మా గోడ కాడికి రా."

"గిసొంటియి శాన జూసిన బిడ్డా. నీ మిషన్ మంచిగయ్యిందా లేదా, అది జెప్పు."

"అయింది."

"అయితే గా కోటు ఇటియ్యి. గన్ని ముడతల తోటి సారు ముంగట నిలబడ్డవా? మిషన్ మంచిదే గానీ మనిషిని జూస్తే నమ్మెటట్టున్నదా?"

తెల్లకోటు విప్పి ఇచ్చింది. ఆవిడ దాన్ని పరిచి, చేతుల దగ్గర్నుంచి మొదలుపెట్టింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను మాటిచ్చాను కనుక నేనూ ఏమీ అనలేదు.

ఇస్త్రీ ఆవిడ మా గోడ దగ్గరికి తిరిగి రాలేకపోయింది. ఆ వారంలోనే ఒక టిఫిన్ బండి ఆ చోటు పట్టుకుంది. మాట్లాడి చూశాను, మావారూ మాట్లాడారు. వాళ్లూ ఆవిడలాగే పాలమూరు నుంచి వచ్చినవాళ్లే, చిన్నపిల్లలున్నారు. ఇస్త్రీ ఆవిడే మమ్మల్ని ఆపింది. "ఈడ గూడ మంచిగనే ఉన్నదమ్మా. హాస్టలు పోరలు అంగీలు శాన ఏస్తరు," అంది. ఎండ మాత్రం మధ్యాహ్నం దాకా ఆమె మొహం మీదే పడుతుంది. ఒక పాత గొడుగు కట్టుకుంది.

యంత్రం తరవాత వేరే ఊరు వెళ్లింది, ఆ తరవాత ఇంకో ఊరు. ఆ అమ్మాయికి పట్టా వచ్చింది. తను రాసిన పెద్ద పుస్తకం ఒక ప్రతి తెచ్చి, మా ఇద్దరి కాళ్లకూ దణ్ణం పెట్టి ఇచ్చింది. అంతా ఇంగ్లీషు. మావారు చివరి పుటలు చదివి చెప్పారు. మేడ ఇచ్చినందుకు, తప్పును తనంతట తాను ఒప్పుకుని యంత్రాన్ని నిలబెట్టినందుకు మా ఇంటి ఇల్లాలికి కృతజ్ఞతలు అని రాసిందట. బండి జరిపినందుకు ఇస్త్రీ అక్కకూ ఒక వరుస ఉంది. బండి జరిపినందుకు, అంతే. ఆ పిల్లకు తెలిసింది అంతే కదా.

ఆ పుట విన్న దగ్గర్నుంచి నాకు మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. నేను ఒప్పుకున్నది నా తప్పు. తప్పు ఒప్పుకున్నవాళ్లకు మెప్పు దొరికింది. నాకు తలవంపు రాకూడదని, నేను దేవుడికి పెట్టిన దాని మీద మాట పడకూడదని, తనది కాని నింద నెత్తిన వేసుకుని, ఇరవై ఏళ్ల నీడను వదిలి బండి తోసుకుపోయిన మనిషికి ఎక్కడా లెక్క లేదు. ఆమె చెప్పకపోవడం వల్ల ఆ పిల్ల ఎన్నో రోజులు బాధపడింది, నిజమే. అంత దూరం పోతుందని ఆమెకు తెలియదు. కానీ ఆ మౌనం నా కోసం. నేను రోజూ దేవుడి ముందు నిలబడి ఎందరికో దణ్ణం పెట్టుకున్నాను. నా కోసం ఎవరైనా ఎండలో నిలబడి ఉంటారని ఎన్నడూ అనుకోలేదు.

మొన్న వెళ్లి అడిగాను, ఇదంతా రాయనా అని. ఆ పిల్లకు ఇప్పుడు తెలిసినా కోపం రాదన్నాను. ఆమె పెట్టెలో బొగ్గులు సర్దుకుంది.

"రాసుకోండ్రి. పేరు మాత్రం ఎయ్యకుండ్రి. అందరు బట్టలు దెచ్చి మీద వడేస్తరు, నాకు శాతగాదు," అని నవ్వింది.

అందుకే పేరు రాయలేదు. ఇది చదివిన మీకు ఆమె ఎవరో తెలియదు, తెలియనక్కర్లేదు. ఆమె ఉన్నదని తెలిస్తే చాలు. మీ ఇంట్లో దీపం పెట్టుకునే వేళ, మీవాళ్లందరి కోసం అడుక్కున్నాక, పాలమూరు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో బట్టలు ఇస్త్రీ చేసే ఒకావిడను కూడా ఒక్కసారి తలుచుకోండి.